సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు - పరస్పరాశ్రయం

(అనువాదకులు, యువ ప్రోగ్రామర్లు కలసి పాల్గొన్న ఒక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



హిందీ నుండి తెలుగులోకి అనువాదాలు చేయడం నా వృత్తి. ఈ వృత్తిలో ప్రవేశించిన ప్రతి ఒక్కరూ నేర్చుకునే మొదటి పాఠం ఒకటే. ఒకే రూపంలో కనిపించినంత మాత్రాన మాటలను నమ్మరాదు. నేనిప్పుడు మీ ముందు చేస్తున్నది ఉపన్యాసం. హిందీలో ఇదే మాటకు నవల అని అర్థం. హిందీవారి 'శిక్షా' విద్య, మన 'శిక్ష' దండన. ఈ సభలో సాఫ్ట్‌వేర్ లైబ్రరీల మీద ఆధారపడటం గురించి మాట్లాడవలసిందని కోరినప్పుడు, 'డిపెండెన్సీ' అనే మాటను హిందీలో 'నిర్భర్‌తా' అంటారని గుర్తుకు వచ్చింది. హిందీలో 'నిర్భర్' అంటే మరొకదానిపై ఆధారపడినది. తెలుగులో నిర్భరమంటే నిండైనది, మిక్కుటమైనది. 'ఆనందనిర్భర హృదయం' అంటాము గదా! ఒక భాషలో పరాశ్రయం, మరొక భాషలో నిండుదనం. ఈ రెండర్థాలూ నేడు మనం చెప్పుకోబోయే విషయానికి పనికివస్తాయి.

ప్రోగ్రాములు వ్రాయడం నా వృత్తి కాదు. అయితే నా అనువాదం పాఠకుని చేరేలోగా ఎన్ని ప్రోగ్రాముల మీదుగా ప్రయాణిస్తుందో ఒక చేదు అనుభవం నాకు నేర్పింది. దానిని కొంచెం తరువాత మనవి చేస్తాను. ముందుగా మాటల అర్థం చెప్పుకుందాము.

ఏదైనా ఒక పనికోసం వ్రాసి సిద్ధంగా ఉంచిన, ఇతర ప్రోగ్రాములు పిలిచి వాడుకోగలిగిన సూచనల సముదాయమే లైబ్రరీ. తేదీలను లెక్కించడానికి, ఫైళ్ళను కుదించడానికి, సమాచారాన్ని రహస్యలిపిలోకి మార్చడానికి, తెరమీద అక్షరాలను పేర్చడానికి వేరువేరు లైబ్రరీలు ఉన్నాయి. ప్రోగ్రాము వ్రాసేవారు ఈ పనులన్నింటినీ మొదటినుండి తామే చేసుకోరు. నేను అనువాదానికి కూర్చున్నప్పుడు నిఘంటువును నేనే రచించుకోను గదా! లైబ్రరీని, దాని పేరును, కూర్పు సంఖ్యను, అది పనిచేయడానికి కావలసిన ఇతర లైబ్రరీల పట్టికను కలిపి కట్టిన మూటను ప్యాకేజీ అంటారు. అట్టి ప్యాకేజీలను భద్రపరచి, అడిగినవారికి అందించే భాండాగారమే రిపాజిటరీ.

ఈ భాండాగారాలకు మూడు దశాబ్దాలకు మించిన చరిత్ర ఉన్నది. అచ్చుకూర్పుకు ఉపకరించే 'టెక్' వ్యవస్థకు చెందిన సామగ్రినంతటినీ ఒకచోట చేర్చే 'సీటాన్' 1992లో ప్రారంభమైంది. దాని ఒరవడిలోనే 1995లో 'పెర్ల్' భాషకు 'సీపాన్' ఏర్పడింది. 1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన 'డెబియన్' అనేక దేశాల స్వచ్ఛంద కార్యకర్తల శ్రమతో పెరిగి, 2023లో వెలువడిన 12వ కూర్పు నాటికి 64 వేలకు పైగా ప్యాకేజీలను అందించింది. 'పైథాన్' భాషకు 2003లో 'పైపీఐ', 'జావాస్క్రిప్ట్' భాషకు 2010లో 'ఎన్‌పీఎమ్' వచ్చాయి. ఎన్‌పీఎమ్‌లో చేరిన ప్యాకేజీలు ఇరవై లక్షలు దాటిపోయాయి.

భాషాసేవకులకు ఇటువంటి ఏర్పాటు కొత్తది కాదు. 1961లో ఏర్పడిన శాస్త్ర సాంకేతిక పదావళి సంఘం, 1968లో హైదరాబాదులో వెలసిన తెలుగు అకాడమి చేసిన పని ఒక విధంగా ఇదే. పాఠ్యపుస్తకం వ్రాసే ప్రతివారూ పారిభాషిక పదాలను తామే కల్పించుకొనక, అందరూ ఒకే పదకోశం నుండి తీసుకుంటే విద్యార్థికి మేలు కలుగుతుంది.

అయితే పదకోశానికి కొత్త కూర్పు వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. ఒక పుస్తకంలో మొదటి భాగాన్ని పాత కూర్పు చూసి ఒకరు, రెండవ భాగాన్ని కొత్త కూర్పు చూసి మరొకరు వ్రాశారనుకోండి. ఎవరి భాగం వారిదిగా ఉన్నంతవరకు దోషం కనిపించదు. రెండింటినీ ఒకే అట్టమధ్య కుట్టినప్పుడు ఒకే భావానికి రెండు పేర్లు బయటపడతాయి. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. నా ప్రోగ్రాముకు రెండు లైబ్రరీలు కావాలి. ఆ రెండింటికీ మూడవది ఒకటి కావాలి. కాని ఒకటి దాని పాత కూర్పును, మరొకటి కొత్త కూర్పును కోరుతుంది. ఈ పేచీని తీర్చే మధ్యవర్తి ప్యాకేజీ మేనేజరు. అది అందరి పట్టికలనూ చదివి, అందరికీ సరిపడే కూర్పులను ఎంపిక చేయవలసి ఉన్నది. ప్యాకేజీలు పెరిగినకొద్దీ ఈ లెక్క కంప్యూటరుకు సైతం కఠినమవుతుంది.

ఈ పనిని తేలిక చేయడానికి కూర్పు సంఖ్యను మూడు అంకెలుగా వ్రాసే ఒక మర్యాద వాడుకలో ఉన్నది. చివరి అంకె మారితే తప్పులు దిద్దారని, నడిమి అంకె మారితే పాతవాటికి భంగం లేకుండా కొత్త సదుపాయాలు చేర్చారని, మొదటి అంకె మారితే పాత పద్ధతులు కొన్ని ఇక చెల్లవని గ్రహించవలె. ఇది చట్టం కాదు, వ్రాసేవారు ఇచ్చే మాట మాత్రమే. చిన్న మార్పు అనుకొని పంపినది ఎక్కడో ఎవరికో పెద్ద మార్పు కావచ్చు.

ఇక నా అనుభవం. కొన్నేళ్ళ క్రితం క్షయవ్యాధి చికిత్స గురించిన ఒక గోడపత్రికను హిందీ నుండి తెలుగు చేశాను. అందులో ముఖ్యమైన వాక్యం 'మందులు మధ్యలో మానవద్దు' అన్నది. బొమ్మల మీద ఆయా భాషల వాక్యాలను అమర్చే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉండేది. మొదటి ముద్రణ చక్కగా వచ్చింది. కొన్ని నెలల తరువాత రెండవ ముద్రణ అవసరమైంది. ఆలోగా పాత కంప్యూటరును తీసివేసి కొత్తది పెట్టారు. వాక్యాలు మారలేదు, ప్రోగ్రాము మారలేదు. గోడపత్రికలు అచ్చయి ఊళ్ళకు చేరిపోయాయి.

అప్పుడు ఒక ఆశా కార్యకర్త నాకు ఫోను చేశారు. "ఏమండీ, ఈ కాగితం తెలుగు రానివాళ్ళు వేశారా? మా ఊళ్ళో అందరూ చూసి నవ్వుతున్నారు. కొత్తగా చదువు నేర్చుకున్న ఒకావిడ మాత్రం నవ్వలేదండీ. తానే చదవడం మరచిపోయానేమో అనుకొని నా దగ్గరకు వచ్చి అడిగింది" అన్నారు.

తెప్పించి చూస్తే వత్తులన్నీ విడిపోయి ఉన్నాయి. 'క్షయ' అన్న మాటలో క పొల్లుగా ఒకచోట, ష విడిగా మరొకచోట పడ్డాయి. 'మధ్యలో' అన్న మాటకు కూడా అదే గతి పట్టింది. కారణం వెదకగా తేలినది ఇది. బొమ్మమీద అక్షరాలు వేసే లైబ్రరీకి, భారతీయ లిపులలో సంయుక్తాక్షరాలను కూర్చే మరొక లైబ్రరీ తోడు కావాలి. పాత కంప్యూటరులో అది ఉన్నది. కొత్తదానిలో ఎవరూ పెట్టలేదు, పెట్టవలెనని ఎక్కడా వ్రాసి లేదు. ఇంగ్లీషు వాక్యాలకు దానితో పనిలేదు కాబట్టి దానిని 'ఐచ్ఛికం' అన్నారు. అది లేకపోతే ప్రోగ్రాము ఆగలేదు, హెచ్చరించలేదు. అక్షరాలను ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టుకుంటూ పోయింది. పాత ప్రతి సరిగా ఉన్నది గదా అని కొత్తదానిని చదవకుండా పంపిన తప్పు నాది. ఒకరికి ఐచ్ఛికమైనది మరొకరికి ప్రాణప్రదం కావచ్చునని ఆనాడు తెలిసింది.

ఆ తరువాత మన అక్షరాలు తెరమీదికి వచ్చే దారిని నేను కొంత తెలుసుకున్నాను. 1988లోను, తిరిగి 1991లోను రూపుదిద్దుకున్న 'ఇస్కీ' అనే భారతీయ ప్రమాణం మన లిపులన్నింటికీ ఒకే అక్షరక్రమాన్ని ఏర్పరచింది. యూనికోడ్ ఆ క్రమాన్ని స్వీకరించింది. దేవనాగరి మొదలుకొని మలయాళం వరకు తొమ్మిది లిపులకు వేరువేరు విభాగాలు ఉన్నా, దేవనాగరి విభాగంలో 'క' ఏ స్థానంలో ఉన్నదో తెలుగు విభాగంలోనూ 'క' అదే స్థానంలో ఉన్నది. ఇది సంఖ్యల సంగతి. ఆ సంఖ్యలను చదివి ఏ వత్తు ఎక్కడ చేరాలో నిర్ణయించే పని మరొక లైబ్రరీది. అటువంటి వాటిలో ప్రసిద్ధమైనది 'హర్ఫ్‌బజ్'. ఇరానులో జన్మించిన బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ దాని ప్రధాన నిర్మాత. ఆ పేరు పారసీకం నుండి వచ్చింది. 'హర్ఫ్' అంటే అక్షరం, 'బాజ్' అంటే తెరచినది. హిందీ, ఉర్దూలలో సైతం హర్ఫ్ అంటే అక్షరమే. ఆండ్రాయిడ్ ఫోన్లలో, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్‌లలో మనం చదివే తెలుగు అక్షరాలను కూర్చేది ఆ లైబ్రరీయే. దాని పేరైనా వినకుండానే కోట్లమంది దాని మీద ఆధారపడి ఉన్నారు.

ఆధారం అందరికీ ఒకటే అయినప్పుడు లోపం కూడా అందరిదీ అవుతుంది. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరమే ఇందుకు ఉదాహరణగా ప్రపంచానికంతటికీ తెలిసింది. 'జ్ఞానం' అనే మాటలోని మొదటి అక్షరం 'జ్ఞా'. జ, పొల్లు, ఞ, వాటి వెంట కంటికి కనిపించని 'కలపవద్దు' అనే సంకేతం, ఆపైన దీర్ఘం - ఈ వరుసలో అది చేరినప్పుడు ఐఫోన్లలో దానిని చూపబోయిన అనువర్తనం కూలిపోయేది. సందేశాలు పంపే అనువర్తనాలు వేరువేరు సంస్థలు తయారు చేసినవే. అయినా వాటిలో అనేకం అక్షరాలు చూపడానికి ఒకే వ్యవస్థా లైబ్రరీని ఆశ్రయించాయి కనుక అవి కూలిపోయాయి. ఆ నెల 19వ తేదీన ఆపిల్ సంస్థ 11.2.6 కూర్పును విడుదల చేసి దోషాన్ని సరిదిద్దింది. దిద్దుబాటు ఒకేచోట జరిగినందువల్ల ఆ అనువర్తనాలన్నీ ఒకేసారి బాగుపడ్డాయి. ఉమ్మడి లైబ్రరీ వల్ల కలిగే నష్టమూ, లాభమూ రెండూ ఈ ఒక్క సంఘటనలోనే కనిపిస్తాయి.

లోపం ఏర్పడటం ఒక ప్రమాదం. ఆధారమే మాయం కావడం మరొకటి. 2016 మార్చి 22న ఒక ప్యాకేజీ పేరు విషయంలో వచ్చిన వివాదం కారణంగా, ఒక రచయిత ఎన్‌పీఎమ్ నుండి తన ప్యాకేజీలు 273 ఉపసంహరించుకున్నాడు. వాటిలో 'లెఫ్ట్-ప్యాడ్' అనేది పదకొండు పంక్తుల ప్రోగ్రాము. వాక్యానికి ఎడమవైపు ఖాళీలో, సున్నలో చేర్చి కావలసిన పొడవుకు తీసుకురావడమే దాని పని. దానిని నేరుగా వాడేవారు కొద్దిమందే అయినా, వారి మీద ఆధారపడినవారు, ఆ ఆధారపడినవారి మీద ఆధారపడినవారు అసంఖ్యాకం. ప్రపంచమంతటా ప్రోగ్రాముల నిర్మాణం నిలిచిపోయింది. భాండాగారం నిర్వాహకులు దాదాపు రెండు గంటలలో దానిని తిరిగి ప్రతిష్ఠించారు. ఆ పిమ్మట, ఒకసారి ప్రచురించి కొంతకాలం గడచిన ప్యాకేజీని ఇతరులు వాడుతుండగా ఇష్టానుసారం తీసివేయరాదని నియమం చేశారు. రచయిత హక్కుకు, దానిని నమ్ముకున్నవారి అవసరానికి నడుమ హద్దు ఎక్కడ అనే ప్రశ్న అప్పుడు అందరి ముందుకు వచ్చింది.

పేరు ఒకటే అయి సరుకు వేరైతే ఏమవుతుందో 2021 ఫిబ్రవరిలో అలెక్స్ బిర్సన్ అనే భద్రతా పరిశోధకుడు చూపించాడు. పెద్ద సంస్థలు తమ సొంత అవసరాలకు తయారుచేసుకున్న ప్యాకేజీల పేర్లు తెలుసుకొని, అవే పేర్లతో, మరింత పెద్ద కూర్పు సంఖ్యతో బహిరంగ భాండాగారాలలో ప్యాకేజీలు ఉంచాడు. పెద్ద సంఖ్య కనబడగానే సంస్థల ప్యాకేజీ మేనేజర్లు ఇంటిదానిని విడిచి బయటిదానిని తెచ్చుకున్నాయి. ఇట్లా ముప్పై అయిదుకు పైగా సంస్థలలో అతని ప్రోగ్రాము అడుగుపెట్టింది. కీడు చేయడం అతని ఉద్దేశం కాదు, హెచ్చరించడమే. 'ఉపన్యాస్' కావాలన్నవారికి ఉపన్యాసం చేతికిచ్చినట్లయింది. పేరుతోపాటు అది ఏ ఇంటిదో కూడా చెప్పితీరాలని అనువాదకులకు వేరే చెప్పనక్కరలేదు.

అదే సంవత్సరం డిసెంబరులో 'లాగ్‌ఫోర్‌జే' అనే జావా లైబ్రరీలో తీవ్రమైన లోపం బయటపడింది. ప్రోగ్రాములో జరిగిన సంగతులను చిట్టా వ్రాయడం దాని పని. ఆ చిట్టాలోకి ఒక ప్రత్యేకమైన వాక్యాన్ని చేరవేయగలిగితే చాలు, ఎక్కడో కూర్చున్నవారు ఆ కంప్యూటరుచేత తమ పనులు చేయించుకోగలరు. తీవ్రతను కొలిచే మానంలో దానికి పదికి పది వచ్చింది. సరిదిద్దిన కూర్పు త్వరలోనే వెలువడింది. అయితే అనేక సంస్థలకు ఎదురైన మొదటి ప్రశ్న 'ఎట్లా దిద్దుకోవాలి?' అనేది కాదు, 'మన దగ్గర అది ఉన్నదా?' అనేది. మందుసీసా మీద అందులోని పదార్థాల పట్టిక ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు అట్టి పట్టిక లేకపోయింది. అప్పటికే 2021 మేలో అమెరికా ప్రభుత్వం తాను కొనే సాఫ్ట్‌వేర్‌కు ఇటువంటి పట్టికలు ఉండాలని ఉత్తర్వు వెలువరించింది. మనదేశంలో 2024 అక్టోబరులో 'సెర్ట్-ఇన్' సంస్థ ఈ అంగాల పట్టికల తయారీకి సాంకేతిక మార్గదర్శకాలు విడుదల చేసింది.

చివరగా మనుషుల సంగతి. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఒక విషయం వెల్లడించాడు. దూరపు కంప్యూటరులోకి ప్రవేశించడానికి మామూలుకంటే సుమారు అరసెకను అధికంగా పడుతున్నదేమిటని ఆరా తీసి, ఫైళ్ళను కుదించే 'ఎక్స్‌జెడ్' లైబ్రరీ 5.6.0, 5.6.1 కూర్పులలో ఎవరో దొంగదారి అమర్చారని కనిపెట్టాడు. ఆ లైబ్రరీని ఏళ్ళ తరబడి ఒకే వ్యక్తి తీరిక వేళల్లో, ప్రతిఫలం లేకుండా పోషించుకుంటూ వచ్చాడు. అతడు అలసిపోయినప్పుడు సహాయం చేస్తానంటూ ఒక మారుపేరు మనిషి చేరి, రెండేళ్ళకు పైగా మంచిపని చేసి నమ్మకం సంపాదించి, ఆపైన ఈ పనికి పూనుకున్నాడు. డెబియన్ స్థిర కూర్పులోకి ప్రవేశించకముందే ఆ దోషం బయటపడటం అదృష్టం. అంతటి లైబ్రరీని వాడుకుంటున్నవారిలో ఎందరు ఆ ఒంటరి మనిషి క్షేమం విచారించారు?

మరి ఏమి చేయాలి? నాకు తోచినవి, తెలిసినవారు చెప్పగా విన్నవి మనవి చేస్తాను.

ప్రోగ్రాము ఏ ఏ లైబ్రరీల ఏ ఏ కూర్పులతో సరిగా పనిచేసిందో వ్రాసి ఉంచాలి. 'లాక్ ఫైలు' అనే పట్టిక ఇందుకే ఉన్నది. అందులో ప్రతి ప్యాకేజీకి వేలిముద్ర వంటి ఒక సంఖ్య ఉంటుంది. సరుకు ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర కలవదు. మా గోడపత్రిక ప్రోగ్రాముకు ఈ పట్టిక ఉండి ఉంటే, అందులో ఆ కూర్పు లైబ్రరీ చేరి ఉంటే, నేనీ కథ చెప్పవలసి వచ్చేది కాదు.

వ్రాసి ఉంచడం అంటే పాతదానినే పట్టుకొని వ్రేలాడటం కాదు. భద్రతా దోషాలు దిద్దిన కూర్పులను పరీక్షించి ఎప్పటికప్పుడు స్వీకరించాలి. ఆ పరీక్షలో ఇంగ్లీషు వాక్యం ఒకటి సరిపోదు. 'క్షయ', 'స్త్రీ', 'జ్ఞానం' వంటి తెలుగు మాటలు, ఇతర భారతీయ భాషల మాటలు తప్పక ఉండాలి. మా ప్రోగ్రాములో ఇప్పుడు ఆ తోడు లైబ్రరీ లేకపోతే పని అక్కడే ఆగిపోతుంది. తప్పుగా అచ్చువేయడం కంటే వేయకుండా ఆగడం మేలు.

ముఖ్యమైన ప్యాకేజీల నకళ్ళను సొంత భాండాగారంలో నిలువ ఉంచుకోవాలి. పదకొండు పంక్తుల పనికి మరొకరిని ఆశ్రయించడం అవసరమా అని ముందుగా ఆలోచించాలి. అన్నింటికంటె ముఖ్యం, తీసుకున్నదానికి బదులుగా కొంతైనా తిరిగి ఇవ్వాలి. దోషం కనబడితే తెలియజేయడం, అనువాదం చేయడం, ధనసహాయం చేయడం, పోషించేవారి భారాన్ని పంచుకోవడం - ఇవన్నీ ఇవ్వడమే.

ఇదంతా విని, ఇన్ని చిక్కులున్నప్పుడు అన్నీ మనమే తయారుచేసుకొంటే పోలేదా అని ఎవరికైనా తోచవచ్చు. మనదేశంలో సీ-డాక్ సంస్థ రూపొందించిన 'బాస్' నిర్వహణ వ్యవస్థనే చూడండి. అది భారతీయ భాషలకోసం చేసిన వ్యవస్థ, కాని డెబియన్ పునాదిపై కట్టినది. 2015లో భారత ప్రభుత్వం ప్రకటించిన ఓపెన్ సోర్స్ విధానంలోని భావమూ, లోకం పంచుకుంటున్నదానిని మనమూ పంచుకోవాలన్నదే. మన రాజ్యాంగం 351వ అధికరణం హిందీ తన పదసంపదను సంస్కృతం నుండి, ఇతర భాషల నుండి గ్రహించి పుష్టి పొందాలని నిర్దేశించింది. ఏ భాషా ఒంటరిగా సంపన్నం కాలేదు. తెలుగు నిఘంటువు నుండి సంస్కృత, పారసీక, ఇంగ్లీషు మాటలను తొలగిస్తే మిగిలినదానితో నేను ఈ ప్రసంగం చేయలేను.

కాబట్టి ఆధారపడటంలో దోషం లేదు. దేనిమీద ఆధారపడ్డామో తెలియకపోవడంలో దోషం ఉన్నది. తెలిసి, లెక్క వ్రాసుకొని, ఇచ్చిపుచ్చుకుంటూ ఆధారపడినప్పుడు హిందీ 'నిర్భర్‌'కు తెలుగు 'నిర్భరం' అర్థం దగ్గరవుతుందని నా నమ్మకం.

మూడవసారి అచ్చువేసిన గోడపత్రికను నేనే చదివి పంపాను. కొద్దిరోజులకు ఆ ఆశా కార్యకర్త మళ్ళీ ఫోను చేశారు. ఆ ఊరి ఆవిడ దానిముందు నిలబడి 'మందులు మధ్యలో మానవద్దు' అని కూడబలుక్కొని పైకి చదివిందట. "చదువు మరచిపోలేదన్నమాట" అని సంతోషించిందట. మన పనికి ఇంతకంటె పరీక్ష వేరే లేదు.